పైడితల్లమ్మ పుచ్చుకోని గ్లాసు

"రేపటికి ఏదీ గుర్తుండని మనిషిని ఇవాళ ఎంత బాగా చూసుకుని ఏం లాభమండీ?" అని సింహాచలం అడిగాడు.

అడిగింది ఎస్తేరమ్మ గారిని. విజయనగరం పొలిమేరల్లో, మతిమరుపు జబ్బు ముదిరిన వాళ్ళ కోసం నడిచే ఒక ఆశ్రమంలో ఆవిడ పెద్ద నర్సు. పనికి కొత్తగా చేరినవాళ్ళకు గురువు కూడా ఆవిడే. ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. ఏదో ఒక పని పురమాయించేవారు.

సింహాచలానికి నలభై దాటాయి. పదిహేనేళ్ళు లారీ నడిపి, నడుము పట్టేయడంతో అది మానుకుని, రెండు నెలల క్రితం ఇక్కడ చేరాడు. చెడ్డవాడు కాదు. అయితే ఆ పొద్దున్న ఒక పని చేశాడు. పైడితల్లమ్మ అనే ముసలామె ముప్పై ఏళ్ళు జనపనార మిల్లులో తెగిన దారాలు ముడివేసిన మనిషి. ఇప్పుడు చేతికి ఏ గుడ్డ దొరికినా పోగులు లాగేస్తుంది. ఆ వారంలో అది మూడో దుప్పటి. అవతల డాక్టరు వచ్చే వేళవుతోంది. సింహాచలం దుప్పటి లాక్కుని, ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుని, గదంతా అదిరేలా అరిచాడు. ఆమె ఏడ్చింది. పావుగంట తరవాత ఏమీ జరగనట్టు కిటికీలోంచి కాకుల్ని చూస్తూ కూర్చుంది.

ఇదంతా దాచకుండా చెప్పాడు. "మంచిగా చూసినా అంతే, కసిరినా అంతే. మరి ఈ ఓపికంతా ఎవరి కోసమండీ?"

ఎస్తేరమ్మ గారు కోప్పడలేదు. "ఆవిడకు చోడి అంబలి ఇచ్చి రా" అన్నారు.

అతను గ్లాసు పట్టుకుని వెళ్ళాడు. పైడితల్లమ్మ నవ్వుతూనే పలకరించింది. "ఎవులు బాబూ నువ్వు?"

"సింహాచలాన్నమ్మా."

"మంచి పేరు" అంది. అంటూనే రెండు చేతులూ పైట కిందికి లాక్కుంది. గ్లాసు దగ్గరికి తెస్తే మొహం గోడవైపు తిప్పుకుంది. "నాకొద్దు బాబూ, ఆకల్నేదు."

వెనకే వచ్చిన ఎస్తేరమ్మ గారు అదే గ్లాసు అందుకుని ఇస్తే గటగటా తాగేసింది.

మర్నాడు ఎస్తేరమ్మ గారు పని మీద విశాఖపట్నం వెళ్ళి రెండు రోజులు ఉండిపోయారు. ఆ రెండు రోజులూ సింహాచలం ఇచ్చిన నీళ్ళు పైడితల్లమ్మ ముట్టలేదు. అతను గ్లాసు పక్కన పెట్టి వెళ్ళేవాడు, సాయంత్రం నిండుగా ఉన్నదాన్ని పారబోసేవాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆనాటి దుప్పటి సంగతి పదిమందికీ తెలుస్తుందని భయం. మూడోనాడు ఆమెకు జ్వరం కాసింది. పెదవులు పగిలాయి. ఒంట్లో నీరు తగ్గిపోయిందని డాక్టరు సెలైను పెట్టించాడు.

సింహాచలం వచ్చి, ఊరినుంచి తిరిగొచ్చిన ఎస్తేరమ్మ గారి ముందు నిలబడ్డాడు. జరిగింది చెప్పి, "నన్ను ఆవిడ గదికి వెయ్యకండమ్మా. ఇంకెవరినైనా చూడమనండి" అన్నాడు.

"నీళ్ళూ తిండీ ఇంకొకరు చూస్తారు. నువ్వు రోజూ ఒక గంట ఆ గదిలో కూర్చో. ఏమీ ఇవ్వకు, ముట్టుకోకు."

ఆమెకు జ్వరం తగ్గింది. అతను రోజూ వెళ్ళి తలుపు పక్కన నేల మీద కూర్చునేవాడు. మొదటి మూడు రోజులూ పైట కిందినుంచి ఆమె చేతులు బయటికి రాలేదు. ఊరికే కూర్చోలేక నాలుగోనాడు వంటగదిలోంచి పాత గోనెసంచి తెచ్చుకుని, దాని పోగులు విప్పి ముడివేయడం మొదలుపెట్టాడు. లారీ మీద తాళ్ళు బిగించిన చేతులకు ఆ సన్నపు పని పట్టుబడలేదు. ఒకటి ముడేస్తే ఇంకొకటి జారిపోయేది. ఆమె మంచం మీదినుంచి చూస్తూ ఉండేది.

పదోనాడు అంది. "అలగేత్తే ఊడిపోద్ది. ఇలాగియ్యి."

మంచం దిగి వచ్చి, అతని ఎదురుగా చతికిలబడి, పోగులు లాక్కుని, చూడనైనా చూడకుండా ముడివేసి పారేసింది. అలా ఒక గుప్పెడు వేసింది. ఎండవేళ. నుదుట చెమట పట్టింది. సింహాచలం కూజాలోంచి నీళ్ళు వంచి గ్లాసు నేల మీద పెట్టాడు. చేతికి ఇవ్వడానికి ధైర్యం చాలలేదు. ఆమె తీసుకుని తాగింది. మూతి తుడుచుకుని, "ఎవులు బాబూ నువ్వు?" అంది.

అతను ఎస్తేరమ్మ గారి దగ్గరికి దాదాపు పరుగున వెళ్ళాడు. ఆవిడ ఉతికిన దుప్పట్లు మడత పెడుతున్నారు.

"అమ్మా, నేను పెట్టిన నీళ్ళు తాగింది. అంటే నన్ను క్షమించేసినట్టే కదా?"

ఆవిడ చేతిలో ఉన్న దుప్పటి మడత పూర్తి చేశారు.

"క్షమించాలంటే గుర్తుండాలి కదయ్యా. ఆవిడకు లేదు" అన్నారు. ఇంకో దుప్పటి అందుకుంటూ, "నీకుంది" అన్నారు.