నక్కా, నీటిబల్లీ, రాజుగారి కోడలూ

అనగా అనగా, మంచుకొండల కింద ఒక ఊరు. ఆ ఊరికి రాజు ఘనకేతుడు. ఆయనకో పెంపుడు నక్క. ఎర్రనక్క, ఒంటికంటే తోకే పెద్దగా కనపడేది. సరే, కొడుక్కి పెళ్ళి చేశాడు. కోడలు చెంగల్వ పుట్టింటి నుంచి ఏం తెచ్చుకుందయ్యా అంటే, గంగాళంలో ఒక నీటిబల్లి. బల్లంటే బల్లి కాదర్రా, కప్పకి చుట్టం. ఒళ్ళంతా తడితడిగా, జిగురుజిగురుగా ఉంటుంది. ఊ కొడుతున్నారా?

ఒకింట్లో రెండెందుకు, ఏది గొప్పదో తేల్చండి, రెండోదాన్ని కొండల్లో వదిలేద్దాం అన్నాడు రాజు. సభ తీరింది. నక్కకి తోకుందా? ఉంది. దీనికో? దీనికీ ఉంది. నక్కకి నాలుగు కాళ్ళున్నాయా? ఉన్నాయి. దీనికో? మూడున్నర. ఒకటి తెగిపోతే మళ్ళీ మొలుస్తోంది. మంత్రి వంగి చూసి నిజమేనన్నాడు. మంచు కింద ఎలక కదిలినా నక్క వింటుంది. ఇదో? పిలిచినా పలకదు. అయితే నక్కే గొప్పదన్నారు. నక్క ఆవులించింది.

చెంగల్వ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఈ ఒక్క పూటా ఉంచుకుంటానని బతిమాలి, ఊరి వాగు నీళ్ళతో గంగాళం నింపింది. నింపిందో లేదో, నీటిబల్లి పాక్కుంటూ పైకొచ్చేసింది. మళ్ళీ వేసింది, మళ్ళీ వచ్చేసింది. వాననీళ్ళు పోస్తే కిమ్మనకుండా పడుకుంది. చెంగల్వకి వాగు నీళ్ళ మీద అనుమానం తగిలింది. అప్పటికే ఊళ్ళో ఇంటింటా పిల్లలకి వాంతులు. తన చిన్నాడపడుచూ మంచం పట్టింది. రాజవైద్యుడేమో దిష్టి తగిలిందంటున్నాడు.

మామగారి దగ్గరికి పరిగెత్తింది. "అది ఒంటితోనే ఊపిరి తీస్తుంది మామగారూ. నీళ్ళు పాడైతే ముందు దానికే తెలుస్తుంది. వాగు నీళ్ళు ఎవరూ తాగొద్దని చాటించండి."

"పాడు ఎక్కడుందో కూడా చెప్పమను దాన్ని," అన్నాడు రాజు.

"అది దానికి చేతకాదండీ. ఆ పనికి మీ నక్క కావాలి."

గొలుసు విప్పారు. నక్క వాసన పట్టుకుంటూ వాగు వెంట పోయింది, పోయింది, పోయింది. నక్క వెనక రాజు, రాజు వెనక మంత్రి, మంత్రి వెనక మంత్రిగారి తలపాగా. కొండమలుపులో, బండల మధ్య, చచ్చి ఉబ్బిన అడవిదున్న! ఊరి నీళ్ళన్నీ దాని మీంచే వస్తున్నాయి. రాజు పంచె ఎగ్గట్టి, ముక్కు మూసుకుని, తనే ముందు దిగి కాలు పట్టి లాగాడు.

వాగు తేటపడింది. పిల్లలు తేరుకున్నారు. ఆడపడుచు లేచి కూర్చుని పెరుగన్నం అడిగింది. ఏది గొప్పదో మళ్ళీ తేల్చమంటారా అని మంత్రి అడిగితే, "నువ్వెళ్ళి నీటిబల్లికి పురుగులు పట్టుకురా," అన్నాడు రాజు.

అదర్రా సంగతి. ఒకళ్ళకి చేతనైంది ఇంకొకళ్ళకి చేతకాదు. అంతమాత్రానికే ఇంట్లోంచి పంపేస్తామా? అందరూ చల్లగా ఉన్నారు. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్ల దారి పట్టండి.