మొండిపన్ను నూకరత్నం

అనగనగా అన్నానని మరీ రాజులూ రాక్షసులూ ఉన్న కాలానికి పోకండి. కొండమీదికి రోడ్డు లేని కాలం. అటొకడూ ఇటొకడూ పట్టుకుని రంపం లాగే రోజులు పోయి, గర్రుమని అరిచే గొలుసు రంపాలు కొత్తగా వచ్చిన కాలం. ఏ ఏడో అడగకండి. నాకు చెప్పినవాళ్ళకే తెలీదు.

ఆ కాలంలో ఒక కొండ, కొండమీద అడవి, అడవిలో కూపు. కూపంటే చెట్లు కొట్టుకోమని సర్కారు వేలం వేసిన జాగా. ఆ కూపులో నూకరత్నం అని ఒక ఆడమనిషి ఉండేది. చెట్టు కొట్టేది కాదు, మాను మోసేది కాదు. రంపాల గొలుసులకి పదును పెట్టేది.

మొద్దుని చీల్చి, ఆ చీలికలో రంపం గొలుసు తిరిగే బద్ద బిగించి, దాని ముందు కూర్చునేది. ఒక్కో పన్నుకి గుండ్రటి ఆకురాయితో మూడు తోపులు. జర్, జర్, జర్. ఎక్కువ తొయ్యదు, తక్కువ తొయ్యదు. ఇటువైపు పళ్ళన్నీ అయ్యాక అటు తిరిగి కూర్చుని మళ్ళీ మూడు. జర్, జర్, జర్. పదకొండు రంపాలు, పదకొండు గొలుసులు. కోతగాళ్ళు గంజి తాగి వచ్చేసరికి అన్నీ సిద్ధం.

ఆ గొలుసులో కోసే పన్ను ముందు చిన్న మొండిపన్ను ఒకటి ఉంటుంది. అది కొయ్యదు. వెనకున్న పన్ను ఎంత కొరకాలో అంతే కొరకనిస్తుంది. నూకరత్నం దాని జోలికి ఊరికే వెళ్ళేది కాదు. ఎప్పుడో ఒకసారి, వెంట్రుకవాసి రాసేది. అంతే.

కూపు కంట్రాక్టరు జోగారావుకి తొందర. వానలు పడి వాగు పొంగితే దుంగలు కిందికి దిగవు.

మొదటిసారి నవ్వుతూ వచ్చాడు.

"నూకరత్నం, ఆ మొండిపళ్ళు అరగదీసెయ్. రంపం జోరుగా కోస్తుందట."

"కోస్తాది బాబూ. మానునీ కోస్తాది, మనిసినీ కోస్తాది. నేను తియ్యను."

రెండోసారి కేకలేస్తూ వచ్చాడు.

"నీకు కూలి ఇచ్చేది నేనా, ఆ పళ్ళా?"

"నువ్వే బాబూ. అయినా తియ్యను. రంపం కొస దేనికైనా తగిలితే ఎనక్కి ఎగురుతాది. పట్టుకున్నోడి పీక మీదకొస్తాది."

మూడోసారి నవ్వలేదు, అరవలేదు. మేస్త్రి గంగుల్ని వెంటబెట్టుకొచ్చాడు. గంగులు చేతిలో బల్లపరుపు ఆకురాయి ఉంది.

"లే," అన్నాడు జోగారావు.

నూకరత్నం లేచింది.

ఆ పూటే గంగులు పదకొండు గొలుసుల మొండిపళ్ళూ నేలమట్టం చేశాడు. మర్నాడు రంపాలు వెన్నలో దిగినట్టు దిగాయి. కోతగాళ్ళు ఈలలేశారు. "నూకరత్నం ఇన్నాళ్ళూ మన రెక్కలు ఊరికే ఇరగ్గొట్టింది," అని నవ్వుకున్నారు. ఒకరోజు బాగానే గడిచింది. రెండోరోజూ బాగానే గడిచింది.

మూడోరోజు అప్పలకొండ అనే కోతగాడు, పడిన మద్దిమాను కొమ్మలు కోస్తున్నాడు. ఆకుల చాటున ఇంకో కొమ్మ ఉంది. రంపం కొస దానికి తగిలింది. రంపం ఎగిరింది. కేక కూడా వినబడలేదు.

నూకరత్నం పరిగెత్తుకొచ్చేసరికి ఎవరో పంచె కప్పేశారు.

జోగారావు వచ్చాడు. పంచె ఎత్తి చూడలేదు. నలుగురికీ వినబడేలా, "తాగి రంపం పట్టాడు. నేనేం చెయ్యను?" అన్నాడు.

అప్పలకొండ తాగడు. కల్లు కుండ వాసనకే కడుపులో తిప్పేది. అది కూపులో అందరికీ తెలుసు. తెలిసీ ఒక్కడూ నోరు విప్పలేదు. గంగులు నేలచూపులు చూశాడు.

నూకరత్నానికి ఏడుపు రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. జోగారావు మీద. గంగులు మీద. నోళ్ళు కుట్టేసుకుని నిలబడ్డ కోతగాళ్ళ మీద. అందరికన్నా ఎక్కువ, లే అనగానే లేచిన తన కాళ్ళ మీద.

మర్నాడు పొద్దున్నే ఎప్పటిలాగే మొద్దు ముందు కూర్చుంది. ఎప్పటి ఆకురాయి తీయలేదు. గంగులు పారేసిన బల్లపరుపు ఆకురాయి తీసింది. ఈసారి మొండిపన్ను మీద పెట్టలేదు, కోసే పన్ను మీద పెట్టింది. జర్, జర్, జర్. ఈసారి మూడుతో ఆపలేదు. పన్ను వాడి పోయేదాకా, పన్ను పొట్టిదయ్యేదాకా, ఇంకే ఆకురాయీ బాగుచెయ్యలేనంతదాకా తోసింది. వేళ్ళు చిట్లాయి. గుడ్డ చుట్టుకుని మళ్ళీ తోసింది.

కోతగాళ్ళు గంజి తాగి వచ్చారు. చూశారు. ఎవరూ ఆపలేదు. గంగులూ వచ్చాడు.

"ఏటి చూస్తావు? కూకో. ఈ రంపం కదలకుండా పట్టుకో," అంది నూకరత్నం.

గంగులు కూర్చున్నాడు. పట్టుకున్నాడు. పట్టుకుని ఏడ్చాడు.

"ఏడుపు తరవాత. ముందు గట్టిగా పట్టుకో," అంది.

మధ్యాహ్నానికి పదకొండు గొలుసులూ బోసినోళ్ళయ్యాయి. అప్పుడొచ్చాడు జోగారావు.

"ఎవరు చెప్పారే నీకు ఇలా చెయ్యమని?"

"నువ్వే కదా బాబూ. పళ్ళు అరగదీసెయ్ అన్నావు. తీసేసేను."

జోగారావు చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి దిగలేదు. మధ్యలోకి పదిమంది కోతగాళ్ళు వచ్చి నిలబడ్డారు. అంతకుముందు రోజు రావలసినవాళ్ళు. ఆలస్యంగానైనా వచ్చారు.

"మీరు కాకపోతే కొండ కింద మనుషులు లేరా?" అని జోగారావు దిగిపోయాడు. కొత్త గొలుసులు కొన్నాడు. మనుషుల కోసం ఒక ఊరు వెళ్ళాడు. "మొండిపళ్ళు తీసేసిన కూపేనా అది?" అన్నారు, రాలేదు. రెండో ఊరు వెళ్ళాడు. "మొండిపళ్ళు తీసేసిన కూపేనా?" అన్నారు, రాలేదు. మూడో ఊళ్ళో తలుపు కూడా తియ్యలేదు. కొండమీద మబ్బు పట్టింది. తిరిగొచ్చాడు.

"ఏం కావాలి మీకు?"

కోతగాళ్ళు నూకరత్నం వైపు చూశారు.

"రావులమ్మ ఇంటికాడికి రా," అంది.

రావులమ్మ అప్పలకొండ పెళ్ళాం. గుమ్మంలో కూర్చుని ఉంది. కోతగాళ్ళ పేటంతా వచ్చి వాకిట్లో నిలబడింది.

"ఇప్పుడు సెప్పు. అప్పలకొండ తాగేడా?"

జోగారావు నేలకేసి చూస్తూ, "తాగలేదులే," అని గొణిగాడు.

"నేలకి కాదు బాబూ. ఇటు సూసి సెప్పు."

జోగారావు ఇంటి చూరుకేసి చూస్తూ, "తాగలేదు," అన్నాడు.

"సూరుకి కాదు. మొగుణ్ణి పోగొట్టుకున్నది ఇక్కడుంది. ఇటు సూసి సెప్పు."

జోగారావు మెడ మీద నరాలు లేచాయి. చుట్టూ చూశాడు. ఒక్క మనిషీ పక్కకి జరగలేదు. అప్పుడు రావులమ్మ కళ్ళలోకి చూశాడు.

"నీ మొగుడు తాగలేదమ్మా. మొండిపళ్ళు నేనే తీయించాను."

రావులమ్మ, "నాకు తెలుసు. ఊరికి తెలవాలని," అంది. లేచి లోపలికి పోయింది.

కూపు మళ్ళీ నడిచింది. కొత్త గొలుసులకి నూకరత్నమే పదును పెట్టింది. అందరూ ఆమెకి దండాలు పెట్టారు గాని ఆమె కోపం మాత్రం తగ్గలేదు. "మాటైతే రప్పించేను. మనిసిని రప్పించలేదు కదా," అనేది. ఎవరైనా మెచ్చుకోబోతే చేతిలో ఆకురాయి విసిరేది. ఓ వానాకాలం జ్వరమొచ్చి నూకరత్నం చనిపోయింది. ఆ రోజు ఆ కొండమీద ఒక్క రంపమూ అరవలేదు.

ఇప్పటికీ ఆ వైపు కోతగాళ్ళు రంపం ఎత్తేముందు బొటనవేలు మొండిపన్ను మీద పెట్టి, "నూకరత్నం ఉందా?" అని అడుగుతారు. పక్కవాడు వంగి చూసి "ఉంది" అనాలి. లేదంటే ఎంతటి కామందు అరిచినా రంపం కింద పెట్టేస్తారు.

ఇంకో సంగతి. పనిలో మనిషి పోయినప్పుడు ఎవడో ఒకడు, "వాడి తప్పే, తాగొచ్చాడు," అంటాడు. అన్న చోటల్లా గుంపులోంచి ఏదో ఒక ఆడమనిషి గొంతు లేస్తుంది. నూకరత్నం ఎవరో ఆమెకి తెలిసినా తెలియకపోయినా ఆ మాట మాత్రం అదే.

"ఇటు సూసి సెప్పు."