ఒంటెల వీధిలో తెడ్లు

పొద్దెక్కి నాలుగు గడియలైంది. పాలకోన అనే రాజ్యంలో, దాన్ని ఏలే వీరకేసరి భూపతి ఫలహారానికి కూర్చుని, అరిటాకులోంచి ఒక గారె తీసి కళ్ళెదుట పట్టుకున్నాడు. చిల్లులోంచి అవతలి గోడ కనిపించింది.

"గారెకు చిల్లెందుకు?" అన్నాడు.

వడ్డిస్తున్న వంటవాడు నోరు తెరవబోయి మూసుకున్నాడు. ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పే అధికారం ఆ కొలువులో ఒక్కరికే ఉంది. ఆయన పేరు వామదేవ సోమయాజులు. బిరుదు మూలభాస్కర. ఏ పేరు ఎలా పుట్టిందో, ఏ వస్తువును మొదట ఎవరు చేశారో చెప్పడం ఆయన ఉద్యోగం.

"అది తమ ముత్తాతగారు రణకేసరి భూపతి చలవ మహాప్రభూ!" అన్నాడు సోమయాజులు. "దండయాత్రల్లో సైనికులకు కూర్చుని తినే తీరిక ఉండేది కాదు. గారెకు చిల్లు పెట్టించి, బల్లేలకు గుచ్చి పంచమని ఆయన ఆజ్ఞ. నడుస్తూ తినేవారు, ఆగి పొడిచేవారు."

రాజు గారెను కొత్త గౌరవంతో చూసి నోట్లో వేసుకున్నాడు.

వెనక నిలబడి ఆకుకు సున్నం రాస్తున్న గుండన ఇదంతా విన్నాడు. రాజుగారికి తాంబూలం చుట్టివ్వడం, ఆయనకు కోపం వచ్చినప్పుడు ఒక నవ్వు తెప్పించడం అతని పని. తాంబూలం పెట్టె మోసే మనిషిని ఎవరూ పట్టించుకోరు కాబట్టి అతనికి గమనించే తీరిక దండిగా ఉండేది. సోమయాజులు గురించి అతను రెండు సంగతులు గమనించాడు. ఒకటి, ఆయన నోట "తెలియదు" అనే మాట ఎవరూ వినలేదు. రెండోది, పిల్లి పాలు తాగుతూ కళ్ళెందుకు మూసుకుంటుందని అడిగినా, బొటనవేలు లావుగా ఎందుకుందని అడిగినా, జవాబు తిరిగి తిరిగి రాజుగారి ముత్తాత దగ్గరికే వచ్చేది.

అంతవరకూ ఎవరికీ నష్టం లేదు. ఆ పూట రాజుగారు గారెతో ఆగలేదు.

"ఊళ్ళో ఒంటెల వీధి అని ఒకటుందట. అక్కడ ఒంటెలున్నాయా?" అని అడిగాడు తాంబూలం నములుతూ.

"లేవు ప్రభూ. అద్దకం పనివాళ్ళుంటారు," అన్నాడు గుండన. అతను పుట్టింది ఆ వీధిలోనే. అతని అక్క సూరమ్మ ఇప్పటికీ అక్కడే బట్టలకు రంగులద్దుతోంది.

"మరి ఆ పేరెలా వచ్చింది?"

సోమయాజులు కళ్ళు మూసుకుని తెరిచాడు. "ముత్తాతగారికి గొప్ప ఒంటెల దళం ఉండేది ప్రభూ. వాటిని కట్టేసిన చోటు అది. అప్పట్లో అక్కడ ఇళ్ళూ లేవు, వాకిళ్ళూ లేవు. అంతా ఒంటెల శాలే. తరవాత ఎవరెవరో వచ్చి చేరారు."

రాజుగారు నమలడం ఆపాడు. "మా ముత్తాతగారి ఒంటెలు నిలబడ్డ చోట గుడ్డలు ఆరేస్తున్నారా?"

తాంబూలం ఉమ్మేసి లేచాడు.

"పేరొకటి, ఉన్నదొకటి అయితే ఇక రాజ్యమెందుకు? వచ్చే పున్నమికి ఆ వీధి ఖాళీ కావాలి. ఒంటెల్ని తెప్పించండి. వాళ్ళకు ఏటవతల ఇంతకు రెండింతల చోటివ్వండి. మేం ఎవరికీ అన్యాయం చెయ్యం. ఏకాదశినాడు స్వయంగా వచ్చి చూస్తాం."

"ప్రభూ, వాళ్ళ పనికి ఆ వీధి బావి నీళ్ళే..." అని గుండన ఏదో చెప్పబోయాడు.

"నీళ్ళు ఎక్కడివైనా నీళ్ళే కదటయ్యా!" అన్నాడు రాజు. సోమయాజులు తలూపాడు.

గుండన వెళ్ళేసరికి కబురు వీధికి ముందే చేరింది. సూరమ్మ పెరట్లో కాగు ముందు నిలబడి, రంగు కోసం చిరివేరు ఉడుకుతున్న ఎర్రటి నీళ్ళను తెడ్డుతో కలుపుతోంది. తమ్ముణ్ణి చూసి ఆపలేదు.

"వచ్చావా? మూటలు మొయ్యడానికా, మా ముఖాలు చూడ్డానికా?"

"ఏటవతల రెండింతల చోటిస్తారటే అక్కా."

"చోటు పెట్టుకుని ఏం చేసుకోనురా, దొర్లనా? ఎరుపు నిలిచేది ఈ బావి నీళ్ళలో. నాన్న ఒకసారి ఏట్లో ఉతికి చూశాడు, గుర్తులేదూ? చీరలు ఇటుకపొడి రంగుకొచ్చాయి. కొన్నవాళ్ళు ఇంటిమీదికొచ్చి వాటిని ఆయన ముఖాన కొట్టిపోయారు. అవతలికి వెళ్ళామంటే మా పని అయిపోయినట్టే. ఇన్నేళ్ళు రాజు పక్కన నిలబడ్డావు, ఇంతమాత్రం చెప్పలేవూ?"

"చెప్పాను. నీళ్ళు నీళ్ళే అన్నారు."

"ఆ సోమయాజులు పంచె తెచ్చి ఇవ్వు, ఏటి నీళ్ళతో అద్ది చూపిస్తా."

"ఈ వీధికి ఆ పేరు ఎందుకొచ్చిందో నీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుసు? నీకు గుండన అని ఎందుకు పెట్టారో కూడా నాకు తెలీదు. పేరన్నాక ఉంటుంది, పిలిస్తే పలుకుతాం. అంతే."

గుండన కాసేపు ఆమె చేతిలోని తెడ్డు కాగులో తిరగడం చూశాడు.

"పాత తెడ్డొకటుంటే ఇయ్యి," అన్నాడు.

సూరమ్మ చూరులోంచి ఒకటి లాగి ఇచ్చింది. గుండన దానికి ఎర్రదారం కట్టి, వీధి గుమ్మం మీద తలకిందులుగా వేలాడదీశాడు. వెనక్కి జరిగి చూసి, వంకర సరిచేశాడు.

"ఏమిట్రా ఇది?"

"ఏమీ కాదు."

"ఏమీ కానిదాన్ని గుమ్మానికెవడైనా కడతాడా? దిష్టికా?"

"దిష్టికీ కాదు, దేవుడికీ కాదు. వీధిలో అందరిచేతా ఇలాగే కట్టించు. ఏకాదశినాడు రాజుగారు వస్తారు. మిమ్మల్ని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. అడక్కపోతే మాత్రం నోరు మెదపొద్దు."

"నీకు మతిపోయింది," అంది సూరమ్మ. కానీ వేరే దారి కూడా లేదు. సాయంత్రానికి ఒంటెల వీధిలో తెడ్డు లేని గుమ్మం లేదు.

ఏకాదశి ఉదయం రాజుగారు గుర్రం మీద, సోమయాజులు పల్లకిలో, గుండన తాంబూలం పెట్టెతో నడుచుకుంటూ ఆ వీధికి వచ్చారు. జనం అరుగుల మీదికి చేరి చేతులు కట్టుకున్నారు. రాజు అటూ ఇటూ చూస్తూ, ఒంటెకు గడ్డి ఎక్కడ వెయ్యాలో, తొట్టి ఎక్కడ కట్టాలో చెబుతూ సగం వీధి దాటాడు. అప్పుడు తలెత్తాడు.

"ఆ తెడ్లేమిటి?"

అరుగుల మీద ఎవరూ పలకలేదు. గుండన వక్కలు ఏరుతున్నాడు. రాజు పల్లకి వైపు తిరిగాడు.

సోమయాజులు తెడ్లను చూడటం అదే మొదలు. ఆ సంగతి ఆయన ముఖంలో ఒక్క రెప్పపాటు కనబడి మాయమైంది.

"ఆహా!" అన్నాడు పల్లకిలోంచి ముందుకు వంగి. "ఈ ఆచారం ఇంకా మిగిలి ఉందా! మహాప్రభూ, తమ ముత్తాతగారి కాలంలో పెద్ద కరువొచ్చింది. ఆ మహానుభావుడు కిరీటం తీసి పక్కన పెట్టి, ఈ వీధిలో స్వయంగా గంజి కాచి పోశారు. వాన పడ్డ రోజున ఇంటికొక తెడ్డు బహూకరించి, నా గుర్తుగా గుమ్మానికి కట్టుకోండన్నారు. తలకిందులుగా ఎందుకంటే, అన్నం పైనుంచి కిందికి, అంటే రాజునుంచి ప్రజకు దిగుతుందని."

రాజుగారి కళ్ళు చెమ్మగిల్లాయి. "స్వయంగా కలిపారా?"

"స్వయంగా ప్రభూ! చెయ్యి కాలింది కూడాను."

గుండన పెట్టె మూత వేశాడు. "సోమయాజులుగారూ, చిన్న సందేహమండీ. ఇంకెక్కడో ఇస్తే, వీళ్ళు అక్కణ్ణుంచి ఇక్కడికి తెచ్చుకున్నారేమో?"

"వెర్రివాడా! ఇక్కడే, ఈ వీధికే ఇచ్చారు. వీళ్ళ తాతముత్తాతలు ఈ అరుగుల మీదే నిలబడి, వంగి దణ్ణం పెట్టి అందుకున్నారు."

"అలాగా. అయితే ఒంటెలు ఎక్కడ నిలబడ్డాయండీ?"

రాజుగారి గుర్రం తోక విదిలించింది.

"ఒంటెలా?" అన్నాడు సోమయాజులు. "ఒంటెలు... ఆ చివర."

"ఆ చివర బావి ఉందండీ."

"అబ్బే, ముందు ఒంటెలు. ఆ తరవాతే వీళ్ళు."

"అంటే రణకేసరి భూపతిగారే ఒంటెల్ని పంపించేసి వీళ్ళను ఇక్కడ పెట్టారన్నమాట. పెట్టి, గంజి పోసి, గుర్తు కూడా ఇచ్చారు. ఆయన పెట్టినవాళ్ళను ఇప్పుడు మనం తీసేస్తున్నాం. నాకు తెలీక అడిగాను, అంతే."

రాజుగారి వెన్ను నిటారుగా అయింది. "మా ముత్తాతగారి ఏర్పాటు మేం మారుస్తామా? ఎవడన్నాడు ఆ మాట?"

ఎవరూ అనలేదు కాబట్టి ఎవరూ పలకలేదు. గుండన మళ్ళీ పెట్టె తెరిచాడు. పని అయిపోయిందనే అనుకున్నాడు. కానీ ప్రశ్నలడిగే అలవాటు అంత తొందరగా పోయేది కాదు. రాజుగారు గుర్రాన్ని పక్కకు తిప్పి, దగ్గరి అరుగు మీదున్న ఆవిణ్ణి ప్రేమగా పలకరించాడు. ఆవిడ సూరమ్మ.

"ఏమమ్మా, ఈ తెడ్డు మీ ఇంట్లో ఎన్ని తరాలుగా ఉంది?"

గుండన గబుక్కున అక్కకేసి తల తిప్పాడు. ఉన్నదున్నట్టు చెప్పమన్నది తనే.

"తరాలేమిటి మహారాజా!" అంది సూరమ్మ. "పోయిన మంగళవారం కట్టాం."

"మంగళవారమా? ఎవరు కట్టమన్నారు?"

"మా తమ్ముడు. అడుగో, మీ పక్కనే పెట్టె పట్టుకుని."

అరుగుల మీద ఒకావిడ నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజుగారి ముఖం చిరివేరు నీళ్ళ రంగుకు వచ్చింది. 

"గుండనా! నడివీధిలో మమ్మల్ని ఆటపట్టిస్తావా? నీ తల నీ భుజాల మీద బరువైందా?"

"నేను చేసింది గుమ్మానికి తెడ్డు కట్టడమే ప్రభూ," అన్నాడు గుండన. "దాని గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. కరువు నాది కాదు. గంజి నాది కాదు. చెయ్యి కాలడం అసలే నాది కాదు. ఆ కథ నిజమనుకుంటే ఈ వీధి వీళ్ళదే. కాదనుకుంటే, ఒంటెల కథ వచ్చిందీ ఆ నోటినుంచేనండి. ప్రభువులు ఏది నమ్మినా నాకు సమ్మతమే."

రాజుగారు గుర్రం మీదే మీసం దువ్వుకున్నాడు. వీధంతా ఆయన మీసాలకేసి చూస్తోంది. చివరికి పల్లకి దగ్గరికి గుర్రాన్ని నడిపించాడు.

"సోమయాజులుగారూ, మళ్ళీ అడుగుతున్నాం. ఈ వీధికి ఒంటెల వీధి అనే పేరెలా వచ్చింది?"

"తమ ముత్తా..." అని మొదలుపెట్టి, సోమయాజులు తలెత్తి సూరమ్మ తెడ్డును చూశాడు. అది గాలికి మెల్లగా ఊగుతోంది. ఆయన పెదవులు రెండుమూడుసార్లు కదిలాయి.

"తె..." అన్నాడు.

"తె?"

"తెలియదు మహాప్రభూ."

"మరి గారె?"

"అదీ అంతే ప్రభూ."

ముందు రాజుగారి బొజ్జ కదిలింది. తరవాత భుజాలు. ఆ పైన ఆయన గుర్రం మెడ పట్టుకుని, కిరీటం జారుతున్నా చూసుకోకుండా నవ్వాడు. పల్లకి బోయీలు నవ్వారు. సోమయాజులు నవ్వాలో వద్దో తేల్చుకోలేక ఉత్తరీయం సర్దుకున్నాడు.

"గారె తిన్నప్పుడల్లా ఛాతీ విరుచుకుంటున్నానయ్యా!" అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ.

ఒంటెల్ని తెమ్మన్న ఆజ్ఞ అక్కడికక్కడే రద్దయింది. రాజుగారు భుజం మీది పట్టు శాలువా తీసి గుండనకు కప్పాడు. సోమయాజులును ఉద్యోగంలోనే ఉంచాడు. రోజుకు ఒక్కసారైనా "తెలియదు" అనాలని మాత్రం షరతు పెట్టాడు. "ఇక ఆ తెడ్లు తీసేసి వంటకు వాడుకోండమ్మా," అని చెప్పి వెళ్ళిపోయాడు.

కొద్దిరోజుల తరవాత గుండన అక్కను చూడ్డానికి వెళ్ళాడు. ఒక్క తెడ్డు కూడా దిగలేదు. పక్కవీధి గుమ్మాలకు కూడా కొత్తవి వచ్చి చేరాయి. కొన్నింటికి పసుపు రాసి ఉంది.

"ఇదేమిటే? తీసెయ్యమన్నారు కదా!"

"ఉండనీరా, ఎందుకైనా మంచిది," అంది సూరమ్మ.

"ఎందుకైనా ఏమిటి? కట్టింది నేను. అదేమీ కాదని నీకు చెప్పాను కూడా."

"చెప్పావులే. కట్టాకే కదా మా ఇళ్ళు నిలబడ్డాయి? అబద్ధమా?"

గుండన ఆలోచించాడు. అబద్ధమని అనడానికి ఎటునుంచీ వీల్లేకపోయింది.

"మీ ఆవిడకీ ఒకటి పంపించాను. రెండు రోజులైంది కట్టుకుని. నువ్వెప్పుడు తలెత్తి చూశావు గనక!" అంది సూరమ్మ, కాగు కింద మంట ఎగదోస్తూ.

గుండన ఇంటికి వెళ్ళి, గుమ్మం ముందు ఆగి, తలెత్తి చూశాడు. ఉంది.