హితసభకు గుహ ఎవరిచ్చారు?

మద్దిమాకుల అడవిలో చుక్కల జింకలు, కొండముచ్చులు, కుందేళ్లు, అడవిపందులు కలిసి బతికేవి. కొండముచ్చులు చెట్ల మీద చిగుళ్లు తింటూ సగం కింద పడేసేవి. జింకలు వాటిని ఏరుకుని తినేవి. దూరాన చిరుతపులి కనబడితే కొండముచ్చులు గట్టిగా అరిచేవి. ఆ అరుపు వినగానే జింకలు పరుగెత్తి ప్రాణాలు దక్కించుకునేవి.

ఆ అడవికి పెద్ద ఒక ముసలి ఏనుగు. అందరూ ఆమెను పెద్దమ్మ అని పిలిచేవారు. అన్ని సంగతులూ ఆమె ఒక్కతెకే తెలియవు కదా. అందుకని హితసభను సలహా అడిగేది.

హితసభలో ఇద్దరే ఉండేవారు. నీలాంబరం అనే నెమలి అధ్యక్షుడు. గుర్నాథం అనే నక్క లెక్కలు కట్టి నివేదికలు తయారు చేసేవాడు. "మాకు ఏ పక్షమూ లేదు. అడవి మేలే మా పని" అని నీలాంబరం పింఛం విప్పి మరీ చెప్పేవాడు. అందరూ ఆ మాట నమ్మేవారు.

ఒక వానాకాలం హితసభ మకాం మారింది. అంతవరకు పొదల్లో తడిసిన ఆ ఇద్దరూ ఉత్తరపు గుట్ట మీద పొడిగా ఉన్న ఒక గుహలో చేరారు. నక్క ఒళ్లు చేశాడు. నెమలి ఈకలు నిగనిగలాడాయి. తెలివైనవాళ్లకు మంచి చోటు దొరికిందని అందరూ సంతోషించారు. అది ఎవరిచ్చారని ఒక్కరూ అడగలేదు.

వానలు వెలిశాక నీలాంబరం అందరి ముందు ఒక నివేదిక చదివాడు.

"కొండముచ్చులు రోజుకు పదిసార్లు అరుస్తున్నాయి. అందులో ఎనిమిదిసార్లు చిరుత రానే లేదు. అరిచినప్పుడల్లా జింకలు మేత వదిలి పరుగెడుతున్నాయి. అందుకే తల్లులకు పాలు తగ్గి పిల్లలు చిక్కిపోయాయి. చిరుత వల్ల కన్నా ఈ అరుపుల వల్లే అడవికి నష్టం ఎక్కువ. వీటిని ఆపించాలి."

పిల్లలు చిక్కిన మాట నిజమే. ఆ ఏడు వానలు ఎక్కువై గడ్డి కుళ్లిపోయింది. నివేదికలో గడ్డి ఊసే లేదు.

చుక్కి అనే తల్లిజింక ముందుకొచ్చింది. "నా బిడ్డ ఎముకలు తేలి ఉంది పెద్దమ్మా. హితసభ చెప్పినట్టే చేయండి" అంది.

కొమ్మాలు అనే ముసలి కొండముచ్చు చెట్టు దిగి వచ్చింది. "ఆ ఎనిమిదిసార్లు చిరుత రాలేదా, రాలేకపోయిందా? మేము అరిస్తే అది వెనక్కి తిరిగిపోతుంది. దాన్ని మీ లెక్కలో ఏమని రాశారు?" అని అడిగింది.

"లెక్కలు అందరికీ అర్థం కావులే" అన్నాడు నీలాంబరం. కొందరు నవ్వారు.

పెద్దమ్మ హితసభ మాటే విన్నది. ఇకమీదట అరిచిన కొండముచ్చును అడవి నుంచి వెళ్లగొడతామని చెప్పింది.

మూడో రోజు మధ్యాహ్నం చుక్కి, ఆమె బిడ్డ మద్దిచెట్టు దగ్గర మేస్తున్నాయి. గడ్డిలో పాకుతూ వస్తున్న చిరుతను కొమ్మాలు పైనుంచి చూసింది. అరిస్తే అడవి విడవాలి. ఎలాగైనా హెచ్చరించాలని ఒక రెమ్మ విరిచి కిందికి విసిరింది. చిగుళ్లు పడ్డాయనుకుని జింకపిల్ల ఇంకా దగ్గరికి వచ్చింది. కొమ్మాలు ఇక ఆగలేక గొంతు చించుకుని అరిచింది. అప్పటికే ఆలస్యమైంది. చుక్కి కళ్ల ముందే చిరుత ఆ పిల్లను నోట కరుచుకుపోయింది.

మర్నాడు చుక్కి ఉత్తరపు గుట్ట ఎక్కి హితసభకు తన గోడు చెప్పుకుంది.

నీలాంబరం ఈకలు దువ్వుకుంటూ విన్నాడు. "బాధాకరమే. కానీ ఒక్క బిడ్డ పోయిందని మంచి పద్ధతిని మార్చలేం. మొత్తం మీద జింకలు ఇప్పుడు ఎక్కువ మేస్తున్నాయి" అన్నాడు.

చుక్కి తల దించుకుంటే గుహ ముందు తడిమట్టిలో చిరుత అడుగులు కనిపించాయి. అవి గుహలోకి వెళ్లి, తీరికగా బయటికి వచ్చాయి. గుర్నాథం పడుకునే చోట ఒక చిన్న గిట్ట పడి ఉంది.

ఆ సాయంత్రమే కొమ్మాలును వెళ్లగొట్టడానికి అందరూ చేరారు. చుక్కి మధ్యలోకి వచ్చి నిలబడింది.

"కొమ్మాలును పంపేముందు ఒక్క మాట. హితసభకు ఆ గుహ ఎవరిచ్చారు? గుర్నాథం తినే మాంసం ఎవరు పెడుతున్నారు?"

"శ్రేయోభిలాషులు ఇచ్చారు. వాళ్ల పేర్లు బయటపెట్టడం మర్యాద కాదు" అన్నాడు నీలాంబరం. "అయినా దానికీ మా సలహాకూ సంబంధం లేదు."

"సంబంధం ఉందో లేదో మేము తేల్చుకుంటాం. పేరు చెప్పండి" అంది చుక్కి.

పెద్దమ్మ లేచి తొండం చాచి నెమలి పింఛాన్ని వాసన చూసింది. తర్వాత నక్క వీపును వాసన చూసింది. ఆమె చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"ఇద్దరి ఒంటి మీదా చిరుత వాసనే" అంది.

అడవి అట్టుడికిపోయింది. బిడ్డల్ని తినేవాడి ఇంట్లో పడుకుని, వాడు పెట్టింది తిని, తల్లులకు బుద్ధులు చెప్పారని అడవిపందులు రంకెలు వేశాయి. గుర్నాథం తోక ముడిచి గుట్ట దాటి పారిపోయాడు.

పెద్దమ్మ చుక్కి ముందు తల వంచింది. "చిరుత నన్నేమీ చేయలేదు. అందుకే ఆ అరుపు విలువ నాకు తెలియలేదు. పింఛం చూశాను గానీ, గుహ ఎవరిదని అడగలేదు. తప్పు నాది" అంది. ఏం చెప్పినా చుక్కి బిడ్డ తిరిగి రాదు.

మళ్లీ అరుపులు మొదలయ్యాయి. చిరుతకు వేట దొరకలేదు. పనికిరాని సలహాదారుడిని అది ఎందుకు పోషిస్తుంది? ఆకలేసి నీలాంబరం మీదే పడింది. అతను పింఛమంతా దాని నోట్లో వదిలి ప్రాణాలతో బయటపడ్డాడు. తర్వాత ఎన్ని సలహాలు చెప్పబోయినా వినేవారే లేకపోయారు.

సలహా చెప్పేవారెవరైనా తాము ఎవరి నీడన ఉంటున్నారో, ఎవరి తిండి తింటున్నారో ముందుగా చెప్పాలని పెద్దమ్మ కట్టడి చేసింది. మొదటి సలహా కొమ్మాలునే అడిగింది.

కొమ్మాలు అందరినీ ఒకసారి చూసింది. "నేను మద్దిచెట్టు మీద పడుకుంటాను. కింద జింకలు ఉంటే నాకూ మేలే. మేము చూడలేని చిరుతను అవి వాసనతో పసిగట్టి మమ్మల్ని కాపాడతాయి. కాబట్టి జింకల గురించి నేను చెప్పే మాటలో నా స్వార్థం కూడా ఉంది. అది గుర్తుపెట్టుకుని వినండి" అంది.

ఆ రోజు అందరూ ఆమె మాటను చివరిదాకా విన్నారు.

నీతి: సలహా ఇచ్చేవాడిని ఎవరు పోషిస్తున్నారో తెలుసుకున్నాకే ఆ సలహాను నమ్మాలి, ఆ పేరు దాచేవాడు మన మేలు కోరేవాడు కాదు.