మారుపలుకుల బండ మీద గోరువంక

అనగనగా, మబ్బులు తలపాగాల్లా చుట్టుకున్న కొండల నడుమ ఒక అడవి ఉండేది. ఆ అడవిలో సింగారి అనే గోరువంక ఉండేది. ఏ తొర్రలోకి వాననీరు దిగదో, ఏ బొరియలో చెమ్మ చేరదో సింగారికి బాగా తెలుసు. అందుకే వానలు మొదలయ్యేముందు జంతువులన్నీ దాని దగ్గరికే వచ్చేవి.

"సింగారీ, మా తిండి ఎక్కడ దాచుకోమంటావు?" అని అడిగేవి. అది చెప్పిన చోట కళ్లు మూసుకుని దాచుకునేవి.

ఒకనాడు బొర్రయ్య అనే పందికొక్కు వచ్చాడు. అతనికి వాగు ఒడ్డున పెద్ద బొరియ ఉంది.

"సింగారమ్మా, అందరినీ నా బొరియకు పంపు. చోటిచ్చినందుకు వాళ్ల తిండిలో నాకు కాస్త వాటా పెడతారు. పంపినందుకు నీకు రోజూ మాగిన నేరేడుపళ్లు తెచ్చిపెడతాను. ఈ మాట మనిద్దరి మధ్యే ఉండాలి సుమా!" అన్నాడు.

సింగారికి నోరూరింది. వెళ్లి బొరియ చూసింది. లోపలి గోడ చెమ్మగా ఉంది. 'పోనీలే, ఈ ఏడు అంత వాన పడుతుందా ఏమిటి!' అనుకుంది.

ముందు ఉడత వచ్చింది. "బొర్రయ్య బొరియలో దాచుకో" అంది సింగారి. తర్వాత ముళ్లపంది వచ్చింది. దానికీ అదే మాట చెప్పింది. చివరికి పాలమ్మ అనే కుందేలు పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది.

"అక్కా, ఈ ఎండు దుంపలే నా పిల్లలకు ఆధారం. ఆ బొరియ మంచిదేనా?" అని అడిగింది.

సింగారికి చెమ్మ గోడ గుర్తొచ్చింది. నేరేడుపళ్లూ గుర్తొచ్చాయి.

"నేను చెబుతున్నాగా!" అంది.

పాలమ్మ సరేనని తల ఊపింది.

కుండపోతగా వానలు కురిశాయి. వాగు పొంగి బొరియలోకి నీళ్లు వచ్చాయి. లోపల దాచినదంతా కుళ్లిపోయింది. పాలమ్మ ఏడ్చుకుంటూ వచ్చింది కానీ, సింగారిని ఒక్క మాటా అనలేదు.

"వానను ఏమంటాం అక్కా? నా రాత!" అంది.

ఆ మాటకు సింగారి గుండె చివుక్కుమంది.

సంగతి ఏనుగమ్మ చెవిన పడింది. అడవికి న్యాయం చెప్పేది ఆవిడే. మారుపలుకుల బండ మీద సభ పెట్టించింది. అక్కడ ఏం పలికినా ఎదుటి కొండలు మళ్లీ పలుకుతాయి. వాన వెలిసిన పొద్దున అందరూ చేరారు. పులి కూడా వచ్చి, పంజాలు ముడుచుకుని జింకల పక్కనే కూర్చుంది. ఒక్క జింకా బెదరలేదు. ఆ వింత చూసి సింగారి ఊపిరి బిగబట్టింది.

"ఇక్కడ పులికైనా ఉడతకైనా ఒకటే న్యాయం" అంది ఏనుగమ్మ.

బొర్రయ్య ముందుకొచ్చాడు. "అమ్మా, వాన నా చేతిలో ఉందా? పాలమ్మ తల ఊపింది. ఇష్టపడే దాచుకుంది" అన్నాడు.

"ఏం తెలిసి ఊపింది? తెలియనిదానికి తల ఊపితే అది ఒప్పుకోలు కాదు" అంది ఏనుగమ్మ. తర్వాత గోరువంక వైపు తిరిగింది. "సింగారీ, వాన పడటం నీ తప్పు కాదు. ఆ బొరియ గురించి నీకు తెలిసిందంతా పాలమ్మకు చెప్పావా?"

నేరేడుపళ్ల సంగతి ఎవరికీ తెలియదు. 'చెప్పాను' అంటే సరిపోతుంది. బొర్రయ్య కన్నుగీటాడు. సింగారి పాలమ్మ వైపు చూసింది. ఆ కళ్లలో ఇంకా నమ్మకమే ఉంది.

"లేదమ్మా! గోడ చెమ్మగా ఉందని నాకు తెలుసు. పంపినందుకు బొర్రయ్య ఇచ్చిన పళ్లు తిన్నాను. రెండూ దాచాను!"

"దాచాను... దాచాను... దాచాను..." అన్నాయి కొండలు.

పిట్ట గొంతుతో లోయంతా నిండిపోయింది. ఆకు కదల్లేదు. నిజం అంత పెద్దదని సింగారికి ఆ రోజే తెలిసింది. అప్పుడు కొండంత ఏనుగమ్మ లేచి, ఆ చిన్న పిట్ట ముందు నెమ్మదిగా తల వంచింది.

"నీ తప్పుకు శిక్ష ఉంది. నీ నిజానికి మాత్రం నా దండం" అంది.

బొర్రయ్య తిండి వెతికి తెచ్చి ముగ్గురి నష్టమూ తీర్చాలంది. సింగారి ఈ వానాకాలమంతా పాలమ్మ పిల్లలకు మేత వెతికిపెట్టాలంది. మళ్లీ ఏడాది వరకు ఎవరికీ సలహా చెప్పకూడదంది. సింగారి మారుమాట లేకుండా అన్నీ చేసింది.

ఏడాది తిరిగింది. ఇక తన దగ్గరికి ఎవరొస్తారులే అనుకుంది సింగారి. అందరికన్నా ముందు పాలమ్మే వచ్చింది.

"ఈసారి ఎక్కడ దాచను అక్కా?"

"ముందు ఇది విను. కొండమీది గుహ పొడిగా ఉంది. కానీ దారి నిటారుగా ఉంటుంది, రాళ్లు జారతాయి. అక్కడికి పంపితే నాకు తినడానికి పురుగులు పెడతానని ఆ గుహలో ఉండే ఎలుగుబంటి అంది. నేను వద్దన్నాను. ఇక ఆలోచించుకోవాల్సింది నువ్వే."

పాలమ్మ కాసేపు కొండవైపు చూసింది.

"గుహకే పోతాను. పిల్లలు ఎక్కేటప్పుడు పక్కన ఉంటావా?" అంది.

సింగారి వెంటనే రెక్కలు విప్పి, పిల్లలకు దారి చూపిస్తూ ముందు ఎగిరింది.

నీతి: నమ్మి సలహా అడిగినవారికి మంచీ చెడూ, అందులో మనకొచ్చే లాభమూ ముందే చెప్పాలి, అన్నీ తెలిసి చెప్పిన 'సరే' మాత్రమే నిజమైన సమ్మతి.