దొర రాసిన ఆట చట్టం

“గుర్రమెక్కి గుట్ట దాటె గువ్వలాంటి రాజు...” తర్వాతి చరణం గుర్తులేదు. బొమ్మలు చెక్కే ముసలి నాంచారమ్మ ఆ ఒక్క ముక్కే పాడుకుంటూ దొర బంగళాకి వెళ్లింది.

బల్ల మీద ఆమె చెక్కిన బొమ్మలే, ఇటు తుపాకుల సిపాయిలు, అటు ఈటెల మన్యంవాళ్లు. ఆమెతో ఆడే ఈ యుద్ధం ఆటలో దొర గెలిస్తే కొండ మీది పొణికి చెట్లన్నీ ఆయనవే, ఓడితే ఊరివే. ఆ కర్ర లేకపోతే ఊళ్లో బొమ్మల పనే లేదు.

“ఆట చట్టం నేనే రాస్తా,” అన్నాడు దొర.

“రాయండి బాబూ. ఏ సైన్యం కావాలో నన్ను కోరుకోనివ్వండి చాలు.”

కొండమనిషి మన్యంవాళ్లనే కోరుతుందిలే అనుకుని దొర సరేనన్నాడు. తుపాకీ మూరెడు దూరం నుంచే చంపుతుందనీ, ఈటె మాత్రం ఆనితేనే చంపుతుందనీ రాసి సంతకం పెట్టాడు.

నాంచారమ్మ తుపాకుల బొమ్మల వైపు చెయ్యి చాపింది. “నాకు సిపాయిలనిప్పించండి బాబూ!”

ఆట మొదలైంది. దొర ఈటెలవాళ్లు సగం బల్ల దాటకముందే ఒక్కడూ మిగల్లేదు. దొర తెల్లబోయి, తన చట్టం తనే మళ్లీ చదువుకుని, పకపకా నవ్వాడు.

“చెట్లు మీవే. ఇంకో ఆట ఆడదాం కూర్చో! ఈసారి చట్టం నువ్వు చెప్పవ్వా, నేను రాసుకుంటాను.”