మాస్టారి రెక్కల పులికి ముగ్గురు కాపలా

లోకంలో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే కాపురం పెట్టిందని మా ఎదురింటివాళ్ళ నమ్మకం. పిండిమర నడిపే కోటిలింగం, పెళ్ళాం మాణిక్యం, తమ్ముడు బులిరాజు, ఆ ఇంట్లో ముగ్గురే మనుషులు. ముగ్గురి బుర్రలూ కలిపి మరలో పోసినా గుప్పెడు పిండి రాలదు. కానీ ఆ మాట వాళ్ళతో అని చూడండి.

"లోకులంతా ఒకటి చెబితే ఇంకోటి చేస్తారు పిన్నిగారూ. మేం అలా కాదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం. తెలివంటే అదీ" అంటాడు కోటిలింగం, మీసం దువ్వుకుంటూ.

ఈ తెలివి నా ఒక్కదాని ప్రాణానికే చుట్టుకుంటే సరిపోయేది. పాపం, వీరేశం మాస్టారి మెడకి చుట్టుకుంది.

మాస్టారు మా వీధి చివర ఒంటరిగా ఉంటారు. బళ్ళో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. పిల్లల కథల్లో ఉండే మంత్రగత్తెలు, ఒంటికన్ను రాక్షసులు, మరుగుజ్జులు, వాళ్ళందర్నీ బొటనవేలంత బొమ్మలుగా చెయ్యడం ఆయన సరదా. సన్నటి తీగతో ముందు ఎముకల గూడు కడతారు. రెండు రంగుల పుట్టీ ముద్దలు కలిపి దాని మీద అద్దుతారు. అది బిగుసుకునేలోపు దబ్బనం మొనతో ముక్కూ మూతీ తీరుస్తారు. ఆ బొమ్మ చేతికున్న గోళ్ళు కూడా కనబడతాయంటే నమ్మండి.

అది చూసి మనవాళ్ళు ముగ్గురూ శిష్యులైపోయారు. మొహం కుదరట్లేదని కోటిలింగం ఏడుస్తుంటే, "అద్దంలో నీ మొహం చూసుకుంటూ చెయ్యవోయ్" అన్నారు మాస్టారు ఒకసారి. ఇంకేముంది, ఆ రోజు నించీ కోటిలింగం చేసిన ప్రతి బొమ్మకీ కోటిలింగం మొహమే. దేవకన్యకీ మీసమే, గుర్రానికీ మీసమే.

ఈలోగా మాస్టారి కళ్ళలో శుక్లాలు ముదిరాయి. చూపు పూర్తిగా మసకబారకముందే ఒక బొమ్మ పూర్తి చెయ్యాలని పట్టుబట్టి కూర్చున్నారు. రెక్కల పులి మీద సవారీ చేసే మంత్రగత్తె. సగం చూపుతో, సగం వేళ్ళతో చేశారాయన. ఆదివారం లైబ్రరీ హాల్లో బొమ్మల ప్రదర్శన. శనివారం కంటి ఆపరేషను. కట్టు విప్పగానే ముందుగా తను చేసిన బొమ్మనే చూడాలని ఆయన ఆశ. ముసలాయన అంతకన్నా ఏమీ కోరలేదు.

శుక్రవారం పొద్దున మంత్రగత్తె మొహం తీర్చి, ఇంకా పచ్చిగా ఉన్న బొమ్మని పీట మీద పెట్టి మోసుకొచ్చి వీళ్ళ చేతిలో పెట్టారు. దాన్ని చెరువులో పారేసినా ఇంతకన్నా నయంగా ఉండేది.

"రేపటికి రాయిలా అవుతుంది. అందాకా నీడలో ఉంచండి. నేను కట్టు విప్పుకుని వచ్చి చూసేదాకా ఇది ఎవరి కంటా పడకూడదు" అని చెప్పి ఆసుపత్రికి బస్సెక్కారు.

అంతే. ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు.

"ఎవరి కంటా అంటే మన కంట కూడానా?" అన్నాడు బులిరాజు.

"మనకి మాత్రం కళ్ళు లేవూ?" అంది మాణిక్యం.

అంతే, ముగ్గురూ కళ్ళకి తుండుగుడ్డలు కట్టుకున్నారు. బొమ్మని పెరట్లో గోడ నీడన పెట్టారు. నీడ జరిగిందో లేదో చూడ్డానికి కళ్ళు లేవు కదా, బులిరాజు పీట పక్కన అరచెయ్యి పెట్టుకు కూర్చున్నాడు. చెయ్యి చురుక్కుమంటే ఎండ, పీట జరుపు. చల్లగా ఉంటే నీడ, ఊరుకో. జరిపీ జరిపీ పీటని కోళ్ళగూటి దాకా తీసుకెళ్ళాడు.

నేను గోడ మీంచి తొంగిచూసి, "ఒరే, ఇంట్లో పెట్టి గిన్నె బోర్లించండిరా. నీడకి నీడా ఉంటుంది, ఎవరికీ కనపడదు కూడా" అన్నాను.

కోటిలింగం నా గొంతు వినబడిన వైపుకి తల తిప్పి జాలిగా నవ్వాడు. "గిన్నె కింద ఉండేది చీకటి పిన్నిగారూ. మాస్టారు నీడ అన్నారు. ఆ తేడా మీకు తెలీదులెండి. ముందు మీరు గోడ దిగండి, మీకూ కళ్ళున్నాయి."

నా ఒళ్ళు మండిపోయి దిగొచ్చేశాను.

పొద్దు వాలింది. బులిరాజు అరచెయ్యి చల్లబడింది. కళ్ళకి గుడ్డ ఉన్నా తెలివి ఊరుకోదుగా, ఎండ పోయిందని కనిపెట్టాడు.

"అన్నయ్యా, ఎండ పోయింది. ఎండ లేకపోతే నీడ ఎక్కణ్ణించి వస్తుంది?" అన్నాడు.

నీడలో ఉంచమన్నారు మాస్టారు, చూస్తే నీడే లేకుండా పోయింది. అప్పుడు మాణిక్యం, "దీపం పెడితే నీడ రాదూ" అంది. మొగుడు మురిసిపోయాడు. కిరసనాయిలు బుడ్డి వెలిగించుకొచ్చి, తడుముకుంటూ బొమ్మ పక్కన పెట్టింది. దీపం ఉందో లేదో తెలియాలంటే వేడి తగలాలి కదా, ఇంకాస్త దగ్గరికి జరిపింది. వేడికి పచ్చి పుట్టీ మెత్తబడింది. పులి రెక్క తడి గుడ్డలా కిందికి వేలాడింది.

బులిరాజు వేలికి తగిలింది ఆ రెక్క. ఆసుపత్రికి ఫోను చేశారు.

"కంగారు పడకండి. తడి వేలితో మెల్లిగా పైకి నెట్టండి, సర్దుకుంటుంది" అన్నారు మాస్టారు, ఆ మంచం మీంచే.

మామూలు మనిషయితే ఒక చేత్తో బొమ్మని పట్టుకుని ఇంకో చేత్తో నెడతాడు. వీళ్ళు మామూలు మనుషులు కారు కదా. "వేలితో నెట్టమన్నారు, పట్టుకోమన్లేదు" అన్నాడు బులిరాజు. నీళ్ళలో వేలు ముంచి నెట్టాడు. బొమ్మ పీట మీద జారింది. ఇంకా నెట్టాడు. పీట అయిపోయింది. మంత్రగత్తె బోర్లా పడింది.

మాణిక్యం తీసి తడిమింది. "ముక్కు లేదండీ. మూతి కూడా లేదు. ముందూ వెనకా ఒకేలా ఉంది" అంది.

నాకు అప్పుడు చెప్పినా మాస్టారి చేత ఏ మాటో చెప్పించి ఆపేదాన్ని. చెప్పలేదు. సొంత తెలివి ఉండగా నేనెందుకు.

శనివారం పొద్దున్నే కోటిలింగం కొత్త పుట్టీ కలిపాడు. మొహం చెయ్యాలంటే అద్దం చూడాలి, అద్దం చూడాలంటే గుడ్డ విప్పాలి, గుడ్డ విప్పితే బొమ్మ కంట పడుతుంది. చాలాసేపు ఆలోచించాడు. ఇంకేముంది, బొమ్మని వీపు వెనక్కి పెట్టుకున్నాడు. ఎదురుగా అద్దం, వీపు వెనక చేతులు, చేతుల్లో మాస్టారి బొమ్మ. అద్దంలో తన ముక్కు చూస్తూ వెనకాల ముక్కు చేశాడు. తన మీసం చూస్తూ వెనకాల మీసం చేశాడు. ఇదంతా తర్వాత నాకు వాళ్ళే చెప్పారు, అదీ గొప్పగా.

ఆదివారం మాస్టారు కట్టు విప్పించుకుని, నల్ల కళ్ళజోడు పెట్టుకుని తిన్నగా లైబ్రరీకే వచ్చారు. నేనే చెయ్యి పట్టుకుని ఆటో దింపాను. హాల్లోకి ఇంకా జనాన్ని వదల్లేదు. బల్ల మీద మాస్టారి పేరు రాసిన అట్ట, దాని పక్కన తుండుగుడ్డ కప్పిన బొమ్మ. చుట్టూ ముగ్గురు కాపలాదార్లు.

"ఒక్క కన్ను కూడా పడలేదు మాస్టారూ. మావి కూడా" అని కోటిలింగం బొమ్మ మీది గుడ్డ తీశాడు.

మాస్టారు కళ్ళజోడు తీసి వంగి చూశారు. పులి రెక్క ఒకటి నేల మీద ఈడుస్తోంది. మంత్రగత్తెకి మొహం ఉండాల్సిన చోట నున్నటి ముద్ద. మొహం లేకపోలేదు, ఉంది. పులి వెనక భాగం మీద, తోక పక్కన, కోటిలింగం మీసంతో సహా నవ్వుతోంది.

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. ఆయన పెదాలు ఎండిపోయాయి. సోడా తెస్తానని నేను పరిగెత్తాను. ఆ ముగ్గురి దగ్గర ఆయన్ని వదిలి వెళ్ళేటప్పుడు నా బుర్ర మాత్రం ఎక్కడ పెట్టానో.

నేను వెళ్ళాక మాస్టారు, "ఇది చూడ్డానికేనా నాకు ఈ చూపొచ్చింది. ఆ కట్టేదో మళ్ళీ కట్టెయ్యండిరా నా కంటికి" అన్నారట.

అంతే. చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళు కదా. బులిరాజు భుజాలు పట్టుకున్నాడు, మాణిక్యం తల పట్టుకుంది, కోటిలింగం తన తుండుగుడ్డ తీసి కట్టేశాడు. ఏ కన్నని చెప్పలేదు కాబట్టి రెండూ కట్టాడు. విప్పండిరా అని ఆయన మొత్తుకుంటే, "వీరు కట్టమంటారు, వీరే విప్పమంటారు. ముందు మాట ముందు" అన్నాడట.

ఇక బొమ్మ సంగతి. మాస్టారు చూసేదాకా ఎవరి కంటా పడకూడదు. మాస్టారు చూసేశారు. ఇంకేముంది, తలుపులు బార్లా తెరిచి జనాన్ని పిలిచారు.

నేను సోడాతో వచ్చేసరికి బల్ల దగ్గర ఒకటే తొక్కిసలాట. పిల్లలు పులి వెనక్కి వెళ్ళి చూసి పడీ పడీ నవ్వుతున్నారు. పెద్దవాళ్ళు అట్ట మీద పేరు చదివి తలలాడిస్తున్నారు. పక్కనే కళ్ళకి తుండుగుడ్డతో మాస్టారు కూర్చున్నారు, నవ్వే ఒక్కొక్క గొంతు వైపే మొహం తిప్పుతూ. "చేసినవారు వీరే, వీరే" అని కోటిలింగం ఆయన్ని వేలితో చూపిస్తున్నాడు.

జనాన్ని నెట్టుకుంటూ వెళ్ళి ఆ గుడ్డ విప్పేశాను. లోపల తడిసిపోయి ఉంది.

కోటిలింగం నన్ను ఎగాదిగా చూశాడు. పెళ్ళాం వైపు తిరిగి, నాకు వినబడేలాగే అన్నాడు:

"పిన్నిగారు మంచావిడే. కాకపోతే విప్పమని ఎవరూ చెప్పకుండానే విప్పేసింది చూడు. పాపం, ఆవిడకి ఆ కాస్త తెలివీ ఉంటేనా."